చిన్నపిల్లల తరగతిలో ఆటలు, బహుమతులు: ఎక్కడ పెట్టాలి, ఎలా విరమించాలి

నక్షత్రాల పట్టిక, స్టిక్కర్లు, పాయింట్లు, గోలీల సీసా వంటివి చిన్నపిల్లల తరగతిలో పెట్టిన మొదటి రోజే ఫలితం చూపిస్తాయి. అంతవరకు ఎంత చెప్పినా సర్దని బొమ్మలు అరల్లోకి చేరతాయి. వరుసలో నిలబడమంటే తోసుకునే పిల్లలు చేతులు కట్టుకుని నిలబడతారు. ఫలితం అంత త్వరగా కనబడటం వల్లే చిక్కు కూడా మొదలవుతుంది. ఒక పనికి అక్కరకొచ్చిన పట్టికను ఉపాధ్యాయులు ప్రతి పనికీ తగిలిస్తారు, కొన్నాళ్లు గడిచేసరికి పిల్లలు ఏం చెప్పినా "చేస్తే ఏమిస్తారు టీచర్?" అని అడగడం నేర్చుకుంటారు. నాలుగేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వయసు పిల్లలకు చదువు చెప్పేవారిని దృష్టిలో పెట్టుకుని, బహుమతి ఎక్కడ మేలు చేస్తుందో, ఎక్కడ ఉన్న ఇష్టాన్ని చెరుపుతుందో, మొదలుపెట్టిన ఏర్పాటును ఎలా విరమించుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా ఒక తేడా గమనించాలి. పని పూర్తయ్యాక చేతికి వచ్చేది బహుమతి. పనినే ఆటలా మలచడం, అంటే దానికో గమ్యం, దశలు, నియమాలు, ఒక కథ, తప్పిపోతే మళ్లీ ప్రయత్నించే వీలు కల్పించడం గేమిఫికేషన్. పాయింట్లు, బ్యాడ్జీలు, ర్యాంకుల పట్టికలు ఇందులో ఒక చిన్న భాగం మాత్రమే. తయారు చేయడం తేలిక కాబట్టి అవే ఎక్కువగా కనబడతాయి. నా ఉద్దేశంలో వాటిని చివరికి ఉంచుకోవడం మంచిది.

పనిని ఎంచుకోవడం

ఏ బహుమతి ఇవ్వాలన్న ఆలోచన కంటే ముందు, ఏ పనికి ఇవ్వాలన్నది తేల్చుకోవాలి. 1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే మనస్తత్వవేత్తలు స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన బింగ్ నర్సరీ స్కూల్లో చేసిన అధ్యయనం ఈ విషయంలో ఇప్పటికీ దారి చూపిస్తుంది. స్కెచ్ పెన్నులతో బొమ్మలు వేయడమంటే అప్పటికే ఇష్టమున్న మూడు నుంచి అయిదేళ్ల పిల్లలను వారు మూడు బృందాలుగా చేశారు. బొమ్మ వేస్తే బంగారు ముద్ర, రిబ్బను ఉన్న ప్రశంసాపత్రం ఇస్తామని మొదటి బృందానికి ముందే చెప్పి, వేశాక ఇచ్చారు. రెండో బృందానికి ముందు ఏమీ చెప్పకుండా, బొమ్మలు వేశాక అదే పత్రం ఇచ్చారు. మూడో బృందానికి ఏమీ చెప్పలేదు, ఏమీ ఇవ్వలేదు. ఒకటి రెండు వారాల తర్వాత అవే పెన్నులను తరగతిలో ఉంచి, ఎవరూ వేయమనకుండానే పిల్లలు ఎంతసేపు బొమ్మలు వేస్తారో గమనించారు. ముందే ఆశ చూపించిన బృందం మిగతా రెండు బృందాలతో పోలిస్తే దాదాపు సగం సమయమే బొమ్మల మీద గడిపింది. చెప్పకుండా పత్రం అందుకున్న పిల్లల ఇష్టం మాత్రం తగ్గలేదు.

ఆ తర్వాత ఈ విషయం మీద పరిశోధకుల మధ్య చాలాకాలం వాదోపవాదాలు నడిచాయి. 1999లో ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ కోస్ట్‌నర్, రిచర్డ్ రయాన్ 128 అధ్యయనాలను కలిపి విశ్లేషించినప్పుడు, ముందే చెప్పి ఇచ్చే వస్తురూప బహుమతులు ఆసక్తికరమైన పనుల మీద సహజంగా ఉండే ఇష్టాన్ని తగ్గిస్తాయనీ, ఈ నష్టం కళాశాల విద్యార్థులలో కంటే పిల్లల్లో ఎక్కువనీ తేలింది. బహుమతుల మీద ఇంత అనుమానం అక్కర్లేదని వాదించినవారు కూడా ఉన్నారు. అయితే అసలు ఆసక్తి లేని పనుల విషయంలో బహుమతి వల్ల పోయేదేమీ లేదన్న మాటను ఉభయపక్షాలూ అంగీకరిస్తాయి. తరగతి గదికి కావలసినది ఈ అంగీకారమే.

దీన్ని ఆచరణలో పెట్టాలంటే, రోజంతా పిల్లలు చేసే పనులన్నిటినీ ఒక కాగితం మీద రాసుకుని, ఒక్కొక్కదాన్నీ మూడు ప్రశ్నలతో పరీక్షించాలి. పిల్లలు దాన్ని తమంతట తాము చేస్తున్నారా? అయితే దాని జోలికి వెళ్లకూడదు. బొమ్మలు వేయడం, కథ వినడం, ఇటుకలు పేర్చడం, ఇసుకలో ఆడుకోవడం ఈ కోవలోకి వస్తాయి. రెండో ప్రశ్న, పిల్లలకు ఆ పని చేతనవుతుందా? అక్షరాలు కూడబలుక్కోలేని పాపకు పేజీ చదివితే స్టిక్కరు ఇస్తామనడం వల్ల చదువు రాదు, దిగులు మాత్రం వస్తుంది. అక్కడ కావలసింది బోధన. మూడో ప్రశ్న, చేతనయి కూడా విసుగువల్లనో, అలవాటు లేకనో చేయడం లేదా? బొమ్మలు సర్దడం, చేతులు కడుక్కోవడం, ఒక పనిలోంచి మరో పనికి ఆలస్యం లేకుండా మారడం, వచ్చిన అక్షరాలను రోజూ కాసేపు మళ్లీ చదవడం, మాట్లాడే ముందు చెయ్యెత్తడం వంటివి ఇక్కడ చేరతాయి. ఆటకైనా బహుమతికైనా తగిన చోటు ఈ మూడో గుంపే.

ఒక గుంపును ప్రత్యేకంగా పక్కన పెట్టాలి. తోటివారికి సాయపడటం, ఏడుస్తున్న పిల్లవాడిని ఊరడించడం, తన వస్తువును పంచుకోవడం వంటి వాటికి పాయింట్లు ఇవ్వకూడదు. 2008లో ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టొమసెల్లో చేసిన ప్రయోగంలో ఇరవై నెలల పసిపిల్లలు కూడా, సాయం చేసినందుకు వస్తువులు ఇచ్చాక, తర్వాతి సందర్భంలో ఏమీ అందుకోని పిల్లల కంటే తక్కువగా సాయపడ్డారు. మంచితనానికి ధర కట్టిన తరగతిలో టీచరు చూసేటప్పుడు మాత్రమే చెయ్యి చాచే పిల్లలు తయారవుతారు.

నియమాన్ని కంటికి కనబడేలా చెప్పడం

"బుద్ధిగా ఉండాలి" అన్నది నాలుగేళ్ల పిల్లవాడికి అర్థమయ్యే నియమం కాదు. ఏం చేస్తే బుద్ధిగా ఉన్నట్టో పెద్దవాళ్లే ఒక్కొక్కరు ఒక్కొక్కలా చెబుతారు. "గంట మోగగానే చేతిలోని వస్తువును దాని బుట్టలో పెట్టి, వచ్చి నేల మీద గుండ్రంగా కూర్చోవాలి" అన్నది నియమం. దాన్ని ఎవరైనా చూసి, జరిగిందో లేదో చెప్పగలరు. టీచరు మనసును బట్టి మారేది నియమంగా ఉంటే, నక్షత్రం రాని పిల్లవాడు తాను టీచరుకు ఇష్టం లేదని అనుకుంటాడు, మిగతా పిల్లలు కూడా అదే అనుకుంటారు. "పరుగెత్తవద్దు" అనే బదులు "నడిచి వెళ్లాలి" అని, "అరవవద్దు" అనే బదులు "పక్కవారికి మాత్రమే వినబడేలా మాట్లాడాలి" అని, చేయవలసినదే చెప్పాలి. ఒకేసారి రెండు మూడు నియమాలకు మించకూడదు. చదవలేని వయసు కాబట్టి ఒక్కొక్కదానికీ ఒక బొమ్మ గీసి గోడకు పెట్టాలి.

ఆట మొదలుపెట్టడానికి ముందు మూడు నాలుగు రోజులు ఊరికే గమనించి లెక్క రాసుకోవడం చాలామంది వదిలేసే పని. గంట మోగిన తర్వాత అందరూ వచ్చి కూర్చోవడానికి ఎన్ని నిమిషాలు పట్టింది, ఎందరు మొదటిసారి చెప్పగానే కదిలారు అన్నవి రాసి ఉంటే, తర్వాత ఆట నిజంగా పనిచేసిందా, లేక పనిచేసినట్టు అనిపించిందా అన్నది తెలుస్తుంది. లక్ష్యం ఎంత పెట్టాలో కూడా ఆ లెక్కే చెబుతుంది. ఇప్పుడు తొమ్మిది నిమిషాలు తీసుకుంటున్న తరగతిని మూడు నిమిషాల్లో సర్దమంటే మొదటి రోజే ఓడిపోతుంది, రెండో రోజు ఆడటమే మానేస్తుంది. ఎనిమిది నిమిషాలతో మొదలుపెట్టాలి.

ఒక ఆట, మొదటి నుంచి

సర్దుడు పనినే ఉదాహరణగా తీసుకుందాం. కావలసినవి పారదర్శకమైన చిన్న సీసా, కొన్ని గోలీలు, సమయం చూపే ఇసుక గడియారం. గోలీలు నోట్లో పెట్టుకునే ప్రమాదం ఉన్నంత చిన్నపిల్లలయితే వాటికి బదులు పిడికిట్లో పట్టేంత పెద్ద చెక్క పూసలు వాడాలి, సీసాను పిల్లలకు అందని ఎత్తులో, కంటికి కనబడేలా ఉంచాలి. సీసా పారదర్శకంగా ఉండటం అలంకారం కోసం కాదు. అయిదేళ్ల పిల్లవాడికి "ఇంకా నాలుగు కావాలి" అన్న లెక్క కంటే, గీత దాకా ఎంత ఖాళీ ఉందో కళ్లతో చూడటం తేలిక. గోలీ పడినప్పుడు వచ్చే టంగుమన్న చప్పుడు కూడా ఆటలో భాగమే. ఆ చప్పుడు కోసం తరగతి మొత్తం ఊపిరి బిగబట్టి చూస్తుంది.

సీసా మీద ఒక రంగు గీత గీయాలి. గంట మోగించి, గడియారం తిరగేయాలి. ఇసుక జారేలోపు నేల మీద ఏ వస్తువూ మిగలకపోతే ఒక గోలీ. ఇసుక అయిపోయాక మిగిలితే గోలీ లేదు, చీవాట్లు కూడా లేవు, "రేపు మళ్లీ ఆడదాం" అని చెప్పి తర్వాతి పనిలోకి వెళ్లిపోవాలి. గీత దాకా నిండిన రోజు, ముందే అందరూ కలిసి ఎంచుకున్న సరదా ఆ రోజే జరగాలి, మర్నాటికి వాయిదా పడకూడదు.

గీత ఎంత ఎత్తులో ఉండాలన్నది వయసును బట్టి ఉంటుంది. నాలుగేళ్ల పిల్లలకు అదే పూట నిండాలి, అంటే రెండు మూడు గోలీలు చాలు. అయిదు, ఆరేళ్లవారు ఒకటి రెండు రోజులు ఆగగలరు. ఏడు, ఎనిమిదేళ్లవారికి వారం పట్టినా ఫరవాలేదు. నెలాఖరున ఇచ్చే బహుమతి ఈ వయసులో ఎవరినీ కదిలించదు. మరో చిట్కా, సీసాను ఖాళీగా మొదలుపెట్టవద్దు. జోసెఫ్ న్యూన్స్, గ్జేవియర్ డ్రేజ్ 2006లో ప్రచురించిన అధ్యయనంలో కార్లు కడిగే చోట వినియోగదారులకు రెండు రకాల కార్డులు ఇచ్చారు. ఒకదానిలో ఎనిమిది ముద్రలు పడాలి. మరోదానిలో పది పడాలి గానీ రెండు ముందే వేసి ఉంటాయి. రెండింటిలోనూ పడవలసినవి ఎనిమిదే. అయినా మొదటి కార్డును పూర్తి చేసినవారు 19 శాతం, రెండోదాన్ని పూర్తి చేసినవారు 34 శాతం. అది పెద్దవాళ్ల సంగతే అయినా, ప్రయాణం అప్పటికే మొదలైందన్న భావన పిల్లలను కూడా అలాగే ముందుకు నడిపిస్తుంది. గీతను రెండు గోలీలంత పైకి జరిపి, "నిన్న మీరు పుస్తకాలు చక్కగా పేర్చారు కదా, దానికివి" అంటూ రెండు గోలీలు ముందే వేయండి. అయితే చెప్పిన కారణం నిజమై ఉండాలి.

ఈ ఆటలో విడివిడిగా ఎవరికీ ఏమీ రాదు, తరగతి మొత్తానికి కలిపి వస్తుంది. ఈ పద్ధతికి పూర్వరూపం 1969లో అమెరికాలోని కాన్సస్‌లో ఒక నాలుగో తరగతి గదిలో హారియట్ బారిష్, మురియెల్ సాండర్స్, మాంట్రోస్ వుల్ఫ్ పరీక్షించిన 'గుడ్ బిహేవియర్ గేమ్'. తరగతిని రెండు జట్లుగా చేసి, నియమం తప్పినప్పుడల్లా ఆ జట్టుకు బోర్డు మీద ఒక గీటు పెట్టారు. ఎవరి గీట్లు తక్కువైతే వారు గెలిచినట్టు. కానీ ముందే చెప్పిన సంఖ్యకు లోబడి ఉంటే రెండు జట్లూ గెలవవచ్చు. ఈ చివరి నియమంలోనే దాని గొప్పతనమంతా ఉందని నా అభిప్రాయం. ఎదుటి జట్టు ఓడితేనే మనం గెలుస్తామన్న పరిస్థితి ఉండదు కాబట్టి ఒకరి కాళ్లు ఒకరు లాగరు. తర్వాత 1980లలో బాల్టిమోర్ పాఠశాలల్లో ఒకటి, రెండు తరగతుల పిల్లలతో ఈ ఆటను ఆడించి, వారు పెద్దవారయ్యేదాకా గమనించినప్పుడు, చిన్నప్పుడు దుడుకుగా ఉన్న మగపిల్లల్లో పెద్దయ్యాక మత్తుపదార్థాల సమస్యలు తక్కువగా కనిపించాయి. చిన్నపిల్లలకు తప్పులను లెక్కించే బదులు, నియమం పాటించిన సందర్భాలను లెక్కించే విధంగా దాన్ని మార్చుకోవడం మేలు.

జట్ల ఆటలో తప్పకుండా వచ్చే ఇబ్బంది ఒకటుంది. ఒక్క పిల్లవాడు కదలకపోతే "వీడి వల్లే పోయింది" అని అందరూ వాడి మీద పడతారు. అలాంటి సూచన కనబడగానే నియమాన్ని "అందరూ" నుంచి "దాదాపు అందరూ"కి మార్చాలి, లేదా ఆ పిల్లవాడికి ఇసుక గడియారం తిప్పే పని అప్పగించాలి. అది శిక్షలాగా గాని, గారాబంలాగా గాని కనబడకుండా, ఆ పనిని రోజుకొకరికి మార్చే ఏర్పాటులో వాడి వంతు ముందుకు జరిపితే సరిపోతుంది.

గోడ మీద పేర్లు, ర్యాంకులు

ప్రతి పిల్లవాడి పేరు, పక్కన నక్షత్రాలు ఉన్న పట్టిక గోడ మీద పెట్టడాన్ని నేను సమర్థించను. సుమారు ఏడు, ఎనిమిదేళ్ల వయసులో పిల్లలు తమ సామర్థ్యాన్ని ఇతరులతో పోల్చి అంచనా కట్టుకోవడం మొదలుపెడతారు. సరిగ్గా ఆ వయసులో పట్టికలో అడుగున ఉన్న పేరు, "నా వల్ల కాదు" అన్న నమ్మకాన్ని రోజూ ఉదయాన్నే గుర్తు చేస్తుంది. పైన ఉన్న ఇద్దరు ముగ్గురికి పట్టిక లేకపోయినా చదువు సాగుతుంది. మధ్యలో ఉన్నవారు పట్టికను పట్టించుకోరు. అంటే ఎవరికోసం పెట్టామో వారికే అది కీడు చేస్తోంది.

విడివిడిగా లెక్క ఉండవలసి వస్తే, ప్రతి పిల్లవాడికీ అరచేతిలో పట్టేంత చిన్న కార్డు ఇచ్చి, దాన్ని వాడి పుస్తకంలోనే ఉంచాలి. పోలిక వాడి నిన్నటితోనే. నిన్న అయిదు పదాలు చదివిన పాప ఈరోజు ఏడు చదివితే రెండు గళ్లలో రంగు నింపుకుంటుంది. పక్కనున్న అబ్బాయి ముప్పై చదివాడన్న సంగతితో ఆ కార్డుకు పని లేదు.

ఇచ్చిన పాయింటును వెనక్కి తీసుకోవడం కూడా మానుకోవాలి. తీసేస్తే పిల్లలు అప్పటికప్పుడు సర్దుకుంటారన్నది నిజమే. కానీ ఉదయం సంపాదించినది మధ్యాహ్నానికి పోయిన పిల్లవాడు సాయంత్రం దాకా ప్రయత్నించడు, సున్నాకు చేరినవాడికి పోగొట్టుకోవడానికి ఏమీ మిగలదు. నియమం తప్పినప్పుడు దానికి వేరే పర్యవసానం ఉండవచ్చు, చిందరవందర చేసినదాన్ని తనే సర్దాలి, తాను ఎవరిని తోశాడో వారికి సారీ చెప్పాలి. సీసాలో పడిన గోలీ మాత్రం పడినట్టే.

యాప్‌లు వాడేవారికి కూడా ఇవే సూత్రాలు. 2011లో వచ్చిన క్లాస్‌డోజో వంటి వాటిలో పాయింట్లు ఇవ్వవచ్చు, తగ్గించవచ్చు, అందరి లెక్కలనూ తెర మీద చూపించవచ్చు. వీలున్నంత మాత్రాన అన్నీ వాడనక్కర్లేదు, తగ్గించడాన్నీ, తెర మీద చూపడాన్నీ పక్కన పెట్టవచ్చు. 2013 నుంచి ప్రాచుర్యంలోకి వచ్చిన కహూట్ తరహా క్విజ్‌లలో త్వరగా జవాబు చెప్పినవారికి ఎక్కువ పాయింట్లు వస్తాయి. ఇంకా కూడబలుక్కుని చదివే పిల్లలకు అది విషయ పరిజ్ఞానానికి కాక చదివే వేగానికి పెట్టిన పోటీ అవుతుంది. అక్కడ ప్రశ్నను టీచరు చదివి వినిపించి, పిల్లలను ముగ్గురేసి కలిపి ఆడించాలి.

ఏమివ్వాలి

తక్కువగా ఇష్టపడే పని తర్వాత ఎక్కువగా ఇష్టపడే పని వస్తుందని తెలిస్తే, మొదటిది సులువుగా సాగుతుంది. 1959లో డేవిడ్ ప్రీమాక్ సూత్రీకరించిన ఈ సంగతిని పట్టుకుంటే బహుమతుల కోసం డబ్బు ఖర్చు పెట్టవలసిన అవసరమే రాదు. ఈరోజు ఏ కథ చదవాలో ఎంచుకోవడం, అయిదు నిమిషాలు అదనంగా ఆడుకోవడం, టీచరు కుర్చీలో కూర్చుని హాజరు పిలవడం, బోర్డు మీద రంగు సుద్దముక్కలతో బొమ్మ గీయడం, వరుసకు ముందు నడవడం, అందరూ కలిసి గెంతుతూ పాట పాడటం వంటివి ఏ బొమ్మకూ తీసిపోవు. వాటిలో ఏవి కావాలో పిల్లలనే అడగాలి. ఖాళీ సమయంలో వారు దేని చుట్టూ మూగుతారో చూస్తే అడగకుండానే తెలిసిపోతుంది.

తినుబండారాలు వద్దు, కొందరికి పడనివి ఉంటాయి, పైగా ఆకలికీ తిండికీ ఉన్న సంబంధం మంచి ప్రవర్తనకూ తిండికీ మధ్య ఏర్పడటం ఆరోగ్యకరం కాదు. "బాగా చదివారు కాబట్టి ఈరోజు హోంవర్కు లేదు" అనడం అంతకంటే హానికరం. హోంవర్కు ఒక శిక్ష అని టీచరే ఒప్పుకున్నట్టు అవుతుంది. అలాగే ఆటవేళను కోత పెట్టకూడదు, కదలకుండా కూర్చోలేని పిల్లవాడికే ఆ పరుగు అందరికంటే ఎక్కువ అవసరం.

అప్పుడప్పుడు ముందు చెప్పకుండా ఇవ్వడం మంచి పద్ధతి. లెప్పర్ అధ్యయనంలో అనుకోకుండా వచ్చిన ప్రశంసాపత్రం ఎవరికీ చేటు చేయలేదని చూశాం. "ఈరోజు ఇంత శ్రద్ధగా పనిచేశారు, పదండి, ఈ కథ బయట చెట్టు కింద చదువుకుందాం" అన్న ఒక్క మాట చాలు. చీటీలు తీసి ఒకరికి మాత్రమే ఇచ్చే పద్ధతి మాత్రం ఈ వయసుకు తగదు, అందరూ కష్టపడితే ఒకరికే ఎందుకు వచ్చిందో ఆరేళ్ల పిల్లవాడికి వివరించి ఒప్పించడం సాధ్యం కాదు.

గోలీతో పాటు ఒక మాట

గోలీ వేసేటప్పుడు ఎందుకు వేస్తున్నామో ఒక్క వాక్యంలో చెప్పకపోతే, పిల్లలకు గోలీ గుర్తుంటుంది, పని గుర్తుండదు. "శెభాష్", "వెరీ గుడ్" అన్నవి వినసొంపుగా ఉంటాయి గానీ ఏది బాగుందో చెప్పవు. "ఇటుకలు పెద్దవీ చిన్నవీ వేరు చేసి పెట్టారు, అందుకే పెట్టె మూత పడింది" అంటే తర్వాతిసారి ఏం చేయాలో కూడా చెప్పినట్టు అవుతుంది.

క్లాడియా ముల్లర్, కెరోల్ డ్వెక్ 1998లో ప్రచురించిన అధ్యయనాలలో, అయిదో తరగతి పిల్లలకు ఆకృతుల వరుసను పూరించే కొన్ని పజిళ్లు ఇచ్చి, వాటి తర్వాత కొందరిని "నువ్వు చాలా తెలివైనదానివి" అనీ, కొందరిని "నువ్వు చాలా కష్టపడ్డావు" అనీ మెచ్చుకున్నారు. తర్వాత కష్టమైన పజిళ్లు ఎదురైనప్పుడు, తెలివిని మెచ్చుకున్న పిల్లలు వాటిని కొనసాగించడానికి అంతగా ఇష్టపడలేదు, సరదా తగ్గిందన్నారు. కష్టాన్ని మెచ్చుకున్నవారు పట్టు వదలలేదు. అయితే "కష్టపడ్డావు" అన్న మాటను కూడా ఊరికే పంచిపెట్టకూడదు. సునాయాసంగా చేసిన పనికి ఆ మాట అంటే పిల్లలకు అబద్ధమని తెలిసిపోతుంది.

మాట ఎలా ఉండాలో ఒక సందర్భం ద్వారా చూద్దాం. ఒక పాప 'చందమామ' అన్న పదం దగ్గర ఆగిపోయి, రెండుసార్లు తప్పు చదివి, మూడోసారి అక్షరాల మీద వేలు పెట్టుకుంటూ సరిగ్గా చదివింది.

"ఎలా చదవగలిగావమ్మా?" అని టీచరు అడుగుతుంది.

"వేలు పెట్టి చదివాను టీచర్."

"అవును, సున్న దగ్గర ఆగి చూసుకున్నావు. ముందు రెండుసార్లు దాన్ని దాటి వెళ్లిపోయావు కదా. పక్క వాక్యంలో అలాంటి మాటే ఇంకొకటుంది, కనిపెట్టు చూద్దాం."

ఇక్కడ స్టిక్కరు ప్రసక్తే రాలేదు. తాను ఏ ఉపాయంతో గెలిచిందో పాపకు తెలిసింది, ఆ ఉపాయాన్ని వెంటనే వాడే అవకాశం కూడా దొరికింది. సిగ్గరి పిల్లల విషయంలో ఇలాంటి మాటను అందరి ముందు కాక దగ్గరికి వెళ్లి మెల్లగా చెప్పడం మంచిది. పదిమంది తల తిప్పి చూడటం కొందరికి బహుమతి కాదు.

పనినే ఆటగా మార్చడం

డెసీ, రయాన్ తమ సిద్ధాంతంలో మనిషికి మూడు మానసిక అవసరాలు ఉన్నాయంటారు: తన నిర్ణయం తనది కావడం, తనకు చేతనవుతోందన్న భావన, తోటివారితో అనుబంధం. మంచి ఆట ఈ మూడింటినీ తీరుస్తుంది కాబట్టే పిల్లలు దాన్ని ఎవరూ చెప్పకుండా ఆడతారు. పాఠంలోకి తేవలసింది వీటిని.

చదవడం నేర్పే తరగతిలో దీన్ని ఒక యాత్రలా చేయవచ్చు. ఒక పెద్ద కాగితం మీద దీవులు గీయాలి. మొదటి దీవిలో గుణింతాలు లేని రెండక్షరాల పదాలు, తర్వాతి దీవిలో గుణింతాలతో కూడినవి, ఆ తర్వాత ఒత్తులున్నవి, చివర చిన్న చిన్న వాక్యాలు ఉంటాయి. కాగితం మీద పిల్లల పేర్లు ఉండవు, తరగతి మొత్తానికి ఒకే పడవ. ఒక్కొక్క దీవిలో పదాల చీటీలున్న పెట్టె ఉంటుంది. జంటలుగా వచ్చి, పెట్టెలోంచి తమకు నచ్చిన మూడు చీటీలు తీసుకుని, ఒకరికొకరు చదివి వినిపించుకుంటారు. రాని చీటీని తిరిగి పెట్టెలో వేసి మరోటి తీసుకోవచ్చు, దానికి ఏ లోటూ ఉండదు. చదివిన చీటీలను దారం మీద గుచ్చుతారు, దారం తర్వాతి దీవిని అందుకున్నప్పుడు పడవ కదులుతుంది. ఏ చీటీ తీసుకోవాలన్న ఎంపిక పిల్లలది, ప్రతి చీటీ చిన్నది కాబట్టి గెలుపు దగ్గర్లోనే ఉంటుంది, పని ఇద్దరు కలిసి చేస్తారు. ఇందులో పాయింట్లు లేవు. పడవ కదలడమే బహుమతి.

దశలను మలిచేటప్పుడు, పిల్లలు ఎక్కువసార్లు గెలిచి, అప్పుడప్పుడు తడబడేలా ఉండాలి. ప్రతిసారీ గెలిస్తే విసుగు, తరచూ ఓడితే బెదురు. కథకు మరీ శ్రమపడి అలంకారాలు చేయనవసరం లేదు. సముద్రం, పడవ, ఎదురుగా కనబడే దీవి ఉంటే, మిగిలినదంతా పిల్లలే కల్పించుకుంటారు. పడవకు పేరు పెట్టే పని కూడా వారికే వదిలేయాలి.

ఎంత చేసినా ఫలితం లేని పిల్లవాడు

ప్రతి తరగతిలోనూ ఒకరో ఇద్దరో ఏ ఆటకూ కదలరు. అప్పుడు బహుమతిని పెద్దది చేయడం వ్యర్థం. ముందు వాడికి సరిగ్గా వినబడుతోందా, బోర్డు కనబడుతోందా, రాత్రి నిద్ర సరిపోతోందా అన్నవి చూడాలి. తర్వాత, అడిగిన పని వాడికి పెద్దదేమో చూడాలి. పదిహేను నిమిషాలు కూర్చోలేని పిల్లవాడికి రెండు నిమిషాలే లక్ష్యంగా పెట్టి, నెరవేరిన వెంటనే గుర్తించి, కొద్దికొద్దిగా పెంచాలి. ఈ ఏర్పాటు టీచరుకూ పిల్లవాడికీ మధ్యనే ఉండాలి. ఇంట్లో వాళ్లకు చెప్పేటప్పుడు ఏం జరగలేదో కాక ఏం జరిగిందో చెప్పాలి, అదే పనికి ఇంట్లో మరో బహుమతి పెట్టవద్దని కూడా కోరాలి.

విరమించడం

ఏర్పాటును మొదలుపెట్టిన రోజే దాని ముగింపును కూడా డైరీలో రాసుకోవాలి. ఒక అలవాటుకు నాలుగు నుంచి ఆరు వారాలు సాధారణంగా సరిపోతాయి. ముందు రాసుకున్న లెక్కతో పోల్చి, వరుసగా వారం పది రోజులు పని సజావుగా సాగుతోందని తేలాకే తగ్గించడం ప్రారంభించాలి.

మొదట గోలీ ప్రతిసారీ కాక, ఒకసారి ఇచ్చి ఒకసారి ఇవ్వకుండా, ఎప్పుడు వస్తుందో తెలియకుండా ఇవ్వాలి. ప్రతిసారీ బహుమతి దక్కిన ప్రవర్తన, బహుమతి ఆగగానే త్వరగా ఆగిపోతుందనీ, అప్పుడప్పుడు దక్కినది ఎక్కువకాలం నిలుస్తుందనీ సి.బి. ఫెర్‌స్టర్, బి.ఎఫ్. స్కిన్నర్ 1957లో ప్రచురించిన ప్రయోగాలు విపులంగా చూపించాయి. కానీ మాట మాత్రం ఆగకూడదు, గోలీ పడని రోజు కూడా ఏది బాగుందో చెప్పాలి. ఆ తర్వాత ఇసుక గడియారాన్ని తీసేసి, సమయాన్ని పిల్లలనే అంచనా వేయమనాలి. చివరిగా సీసాను చెప్పాపెట్టకుండా మాయం చేయకుండా, "గంట మోగగానే మీరే సర్దేస్తున్నారు, ఈ పనికి ఇక సీసా అక్కర్లేదు, దీన్ని వేరే ఏ పనికి వాడదాం?" అని అడిగి, తర్వాతి పనిని వారితోనే ఎంపిక చేయించాలి. అలా చెబితే బహుమతి ఆగిపోవడం నష్టంలా కాక, పని నేర్చేసుకున్నట్టుగా అర్థమవుతుంది.

తీసేశాక కొన్ని రోజులు కాస్త వెనకబడటం మామూలే, దానికి కంగారుపడి వెంటనే సీసాను దించకూడదు. పొడవైన సెలవుల తర్వాత ఇది తప్పకుండా జరుగుతుంది. అప్పుడు సర్దే పద్ధతిని మొదటి రోజు చూపించినట్టే మళ్లీ చేసి చూపించి, పిల్లలతో రెండుసార్లు అభ్యాసం చేయించాలి. వారం లోపల పాత లెక్కకు రాకపోతే, గీతను కిందికి దించి, నాలుగైదు రోజులకు మాత్రమే ఆటను తిరిగి తీసుకురావాలి.